ఇంటి చేతికి మోతాదు: మంచేనహళ్ళి ప్రాంతం నేపథ్యంలో టైప్ 1 మధుమేహ నిర్వహణ

టైప్ 1 మధుమేహం బయటపడేది ఆసుపత్రిలోనే అయినా, దానికి వైద్యం దాదాపుగా జరిగేదంతా ఇంట్లోనే. రోగనిరోధక వ్యవస్థ పొరబడి క్లోమగ్రంథిలోని బీటా కణాలను నాశనం చేయడంతో ఒంట్లో ఇన్సులిన్ తయారీ ఇంచుమించు ఆగిపోతుంది కాబట్టి దాన్ని బయటినుంచి ఇవ్వక తప్పదు. ఎంత ఇవ్వాలన్నది మాత్రం ఆ పూట తినబోయే తిండిని, సాయంత్రం ఆడిన ఆటను, ఒంట్లో ఉన్న జ్వరాన్ని బట్టి రోజుకు మూడు నాలుగు సార్లు మారుతూ ఉంటుంది. మూడు నెలలకొకసారి కనిపించే వైద్యుడు ఈ నిర్ణయాలు చేయలేడు. చేయవలసింది తల్లీ, అవ్వా, కొంత వయసు వచ్చాక ఆ బిడ్డా. అందువల్ల ఈ జబ్బు విషయంలో అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఏ మందు మంచిదన్నది కాదు, మోతాదును మార్చుకునే అధికారమూ అందుకు కావలసిన తెలివిడీ ఇంటికి అందాయా లేదా అన్నది. వందేళ్ళుగా పోగైన వైద్యజ్ఞానాన్ని ఈ ప్రశ్నతోనే, కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం జిల్లాలో గౌరిబిదనూరు నుంచి విడివడి తాలూకాగా ఏర్పడిన మంచేనహళ్ళిలోనూ, బాగేపల్లి, చింతామణి వైపునా ఉండే తెలుగు కుటుంబాల వంటింటి వైపు నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇంటి వైద్యమన్న ఆలోచన కొత్తది కాదు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్, మెక్లాయిడ్, కాలిప్‌లు ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1922 జనవరిలో పద్నాలుగేళ్ళ లెనార్డ్ థాంప్సన్‌కు దాన్ని మొదటిసారి ఎక్కించారు. అంతకుముందే, 1918లో, బోస్టన్ వైద్యుడు ఎలియట్ జాస్లిన్ వైద్యులతో పాటు రోగులూ చదువుకునేలా ఒక కరదీపిక రాశాడు. తానే మధుమేహి అయిన లండన్ వైద్యుడు ఆర్.డి. లారెన్స్ 1925లో మరో పుస్తకం ప్రచురించి, 1934లో రచయిత హెచ్.జి. వెల్స్‌తో కలిసి రోగుల సంఘాన్నే స్థాపించాడు. అయితే ఆ తరం ఇళ్ళలో ఉన్న ఏకైక కొలత మూత్ర పరీక్ష: బెనెడిక్ట్ ద్రావణంలో మూత్రం పోసి మరిగిస్తే నీలం, ఆకుపచ్చ, పసుపు, ఇటుక రంగులుగా మారే ఆ పరీక్ష కొన్ని గంటల కిందటి సంగతిని మాత్రమే చెప్పేది, చక్కెర పడిపోవడాన్ని అసలు పట్టుకునేది కాదు. రోగులు ఇంట్లోనే రక్తంలో చక్కెరను కొలుచుకోగలరని 1978లో బ్రిటన్‌లో వెలువడిన అధ్యయనాలు చూపాకే మోతాదును ఇంట్లో సవరించుకోవడం అర్థవంతమైన పని అయింది. ఆ సవరణ వల్ల ఒరిగేదేమిటో 1993లో ముగిసిన అమెరికా, కెనడాల ఉమ్మడి పరిశోధన తేల్చింది. 1,441 మందిని సగటున ఆరున్నర ఏళ్ళు గమనించిన ఆ పరిశోధనలో, రోజుకు మూడు నాలుగు సూదులు వేసుకుంటూ మోతాదును పరీక్షలకు తగ్గట్టు మార్చుకున్నవారిలో, అంతకుముందు కంటి దోషం లేనివారికి కొత్తగా అది వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం మాత్రం దాదాపు మూడింతలైంది. ఇంటి నిర్వహణలో లాభమూ అపాయమూ రెండూ ఈ ఒక్క ఫలితంలోనే ఉన్నాయి. తర్వాత వచ్చిన మార్గదర్శకాలన్నీ, 2022లో భారత వైద్య పరిశోధన మండలి టైప్ 1 కోసం ప్రత్యేకంగా విడుదల చేసిన వాటితో సహా, ఆ లాభాన్ని నిలుపుకుంటూ ఆ అపాయాన్ని తగ్గించే ప్రయత్నాలే.

కర్ణాటకలో ఈ జబ్బు ఎంత ఉందో చెప్పే ఆధారం ఒకటుంది. 1995 నుంచి 2008 దాకా నడిచిన కర్ణాటక మధుమేహ నమోదు ప్రకారం ఏటా లక్ష మంది మగపిల్లల్లో 3.7, ఆడపిల్లల్లో 4 కొత్త కేసులు. 2011 జనాభా లెక్కల్లో చిక్కబళ్ళాపురం జిల్లా జనాభా సుమారు 12.55 లక్షలు, అందులో నాలుగో వంతు పిల్లలనుకుని ఈ రేటును వర్తింపజేస్తే, జిల్లా మొత్తంలో ఏడాదికి కొత్తగా బయటపడేది పన్నెండు మందికి అటూ ఇటూ. ఇది ఉరామరి అంచనాయే అయినా ఒక ముఖ్యమైన సంగతిని పట్టి చూపుతుంది: ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుడు ఏళ్ళ తరబడి ఇలాంటి బిడ్డను ఒక్కరినైనా చూడకపోవచ్చు. 2010లో మొదలైన జాతీయ అసాంక్రామిక వ్యాధుల కార్యక్రమం ముప్పై ఏళ్ళు దాటినవారినే పరీక్షిస్తుంది కాబట్టి, ఆశా కార్యకర్తకు తెలిసిన షుగర్ జబ్బు పెద్దవాళ్ళది, మాత్రలతో తగ్గేది. ఎనిమిదేళ్ళ బిడ్డ గుక్కతిప్పుకోకుండా నీళ్ళు తాగుతూ, మానేసిన పక్కతడపడం మళ్ళీ మొదలుపెట్టి, నెలలో నాలుగైదు కిలోలు తగ్గితే అది ఎండ దెబ్బ అనో, కడుపులో నులిపురుగులనో అనుకునే ఇళ్ళలో, చివరికి వాంతులూ కడుపునొప్పీ ఆయాసమూ వచ్చాకే అసలు జబ్బు తెలుస్తుంది. ఇన్సులిన్ లేక ఒళ్ళు కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పేరుకుపోయిన ఈ స్థితిని కీటోఅసిడోసిస్ అంటారు. ఇది గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. వేలి కొస నుంచి ఒక చుక్క రక్తం తీసి చేసే పరీక్షతో దీన్ని ముందుగానే పట్టుకోవచ్చు. అయితే దక్షిణ భారతంలో చిన్న వయసులో కనబడే మధుమేహమంతా టైప్ 1 కాదు. క్లోమంలో రాళ్ళు ఏర్పడి వచ్చేది, ఒకే జన్యువు లోపంతో వంశంలో వచ్చేది, పోషకాహార లేమితో ముడిపడినది కూడా ఉన్నాయి కాబట్టి, ఏ రకమో తేల్చే సీ-పెప్టైడ్, యాంటీబాడీ పరీక్షలకు ఒకసారి బెంగళూరు వెళ్ళడం వృథా ఖర్చు కాదు.

రోగనిర్ధారణ తర్వాత వచ్చే మొదటి ఉచ్చు బాగుపడినట్టు కనిపించడం. ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు, మిగిలిన కొద్ది బీటా కణాలు తేరుకుని పనిచేయడంతో మోతాదు బాగా తగ్గిపోతుంది. ఒక్కోసారి రోజుకు రెండు మూడు యూనిట్లు చాలు. ఈ దశ కొన్ని నెలలు, అరుదుగా ఏడాదికి పైగా ఉండి ముగిసిపోతుంది. సరిగ్గా ఇదే సమయంలో బంధువులు చెప్పిన నాటు మందో, ఆకు పసరో వాడి ఉంటే ఆ పేరు దానికి దక్కుతుంది, సూది ఆపేస్తారు. టైప్ 1లో ఇన్సులిన్ మాన్పించగల మూలిక ఏదీ లేదు. ఈ మాట ఆసుపత్రి నుంచి పంపించే రోజునే, ఇంటి పెద్దల ఎదుట, వాళ్ళ భాషలో చెప్పి పంపడం మందుల చీటీ కంటే తక్కువ ముఖ్యమైన పని కాదు.

సూదితో ఇన్సులిన్ ఇచ్చే పద్ధతులు రెండు. తిన్నా తినకపోయినా ఒంటికి కావలసిన నిలకడ ఇన్సులిన్‌ను రోజుకు ఒకటి రెండు సార్లు, తిండికి తగిన ఇన్సులిన్‌ను ప్రతి భోజనానికి ముందూ విడివిడిగా ఇవ్వడం మొదటిది. దీన్ని బేసల్-బోలస్ అంటారు. రెండూ ముందే కలిపి ఉన్న సీసా నుంచి పొద్దున, రాత్రి ఇవ్వడం రెండోది. మార్గదర్శకాలన్నీ మొదటిదాన్నే కోరుతున్నా, సూదులు తక్కువన్న కారణంతో పల్లెల్లో రెండోది ఎక్కువగా కనిపిస్తుంది. దాని లోపం స్పష్టం: మోతాదు స్థిరం కాబట్టి తిండి కూడా వేళకు, కొలతకు స్థిరంగా ఉండాలి, బిడ్డ ఆకలి వైద్యుడి చీటీకి లోబడాలి. ఈ ప్రాంతంలో పట్టుపురుగులు మేపే ఇళ్ళలో మల్బరీ ఆకు కోతకూ మేతకూ వేళలు పెట్టేది పురుగే కాబట్టి ఇంటి భోజనం వేళలు అటూ ఇటూ అవుతూనే ఉంటాయి. అలాంటి చోట కలిపిన ఇన్సులిన్ తరచు బెడిసికొడుతుంది. ఖరీదైన కొత్త రకాలు లేకపోయినా, సాధారణ రెగ్యులర్, ఎన్‌పీహెచ్ రకాలతోనే విడివిడిగా ఇచ్చుకోవడం సాధ్యమే, మెరుగే.

మనదేశంలో దీనికి తోడైన ఒక అపాయం విడిగా చెప్పుకోదగినది. సీసాల్లో వచ్చే ఇన్సులిన్ సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల గాఢతతో, పెన్నుల్లో వచ్చేది 100 యూనిట్లతో ఉంటుంది. సిరంజిలు కూడా అందుకు తగ్గట్టే రెండు రకాలు, 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. పెన్ను కాట్రిడ్జి నుంచి 100 గాఢతను ఎర్రమూత సిరంజిలోకి తీసి అదే గీత దాకా నింపితే రెండున్నర రెట్ల మోతాదు ఒంట్లోకి పోతుంది. తారుమారైతే సగం కూడా అందదు. మందుల షాపులో ఏది ఉంటే అది ఇచ్చే ఊళ్ళలో, సీసా మీది అంకెనూ మూత రంగునూ ప్రతిసారీ పోల్చి చూడడం ఇంట్లో చదువురాని పెద్దలకు కూడా నేర్పగలిగిన పని. సూదిని ఒకే చోట పదే పదే గుచ్చితే చర్మం కింద కొవ్వు గడ్డకట్టి మందు సరిగా ఇంకదు కాబట్టి పొట్ట, తొడలు, పిరుదుల మీద చోటు మారుస్తుండాలి. ఖర్చు కోసం ఒకే సూదిని రోజుల తరబడి వాడడం సరైనది కాకపోయినా జరిగే సంగతే. వాడేసిన సూదులను చెత్తలో వేయకుండా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పోగుచేసి ఆరోగ్య కేంద్రానికి ఇవ్వాలి.

నిల్వ గురించి ఉన్న భయం అవసరానికి మించినదని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. తెరవని సీసాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలన్నది తయారీదారుల నియమం. అయితే కెన్యాలోని దదాబ్ శరణార్థి శిబిరపు ఎండలను అనుకరిస్తూ, 25 నుంచి 37 డిగ్రీల మధ్య ఊగిసలాడే వేడిలో నాలుగు వారాలు ఉంచిన ఇన్సులిన్ శక్తి తగ్గలేదని 2021లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. 2023లో కాక్రేన్ సమీక్ష, తెరవని మానవ ఇన్సులిన్ 25 డిగ్రీల దాకా ఆరు నెలలు, 37 డిగ్రీల దాకా రెండు నెలలు చెప్పుకోదగ్గ నష్టం లేకుండా ఉండగలదని లెక్కతేల్చింది. ఫ్రిజ్ లేని ఇంటికి మట్టికుండ చాలు: పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, సీసాను నీళ్ళు తగలకుండా కవరులో పెట్టి మూత వేస్తే, ఈ మెట్ట ప్రాంతపు పొడిగాలి వేసవిలో నీరు త్వరగా ఆవిరవుతూ లోపల చల్లగా ఉంచుతుంది, వానాకాలంలో గాలి తేమగా ఉంటుంది కాబట్టి అంత పనిచేయదు, కానీ అప్పుడు అంత అవసరమూ ఉండదు. నిజమైన ప్రమాదం ఫ్రిజ్ వెనక గోడకు ఆనించినప్పుడు, లేదా భద్రమనుకుని డీప్ ఫ్రీజర్‌లో పెట్టినప్పుడు వస్తుంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. రెగ్యులర్ ఇన్సులిన్ నీళ్ళలా తేటగా ఉండాలి, మసకబారితే పారేయాలి. ఎన్‌పీహెచ్ సహజంగానే పాలలా ఉంటుంది, దాన్ని కుదపకుండా అరచేతుల మధ్య దొర్లించి వాడాలి.

తిండి విషయానికి వస్తే సమీక్షించవలసినది ఎక్కువ, స్థానికంగా జరిగిన పని తక్కువ. పిండిపదార్థాన్ని గ్రాముల్లో లెక్కగట్టి దానికి తగిన ఇన్సులిన్ ఇవ్వడమే నేటి పద్ధతి. ఆసుపత్రుల్లో ఇచ్చే పట్టికలు మాత్రం చపాతీ, ఇడ్లీ, కప్పు అన్నం అంటాయి. ఈ ప్రాంతంలో పూట గడిపేది రాగి సంగటి ముద్ద. రాగులు తింటే షుగర్ పెరగదన్న నమ్మకం ఇక్కడ బలంగా ఉంది, అది పెద్దవాళ్ళ షుగర్ గురించి విన్న సలహాల నుంచి వచ్చింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పదార్థాల పట్టికల ప్రకారం నూరు గ్రాముల రాగుల్లో పిండిపదార్థం సుమారు 67 గ్రాములు, పాలిష్ బియ్యంలో సుమారు 78. తేడా ఉంది కానీ ఇన్సులిన్ తగ్గించుకునేంత తేడా కాదు. పైగా మెత్తగా పట్టించిన పిండిని ఉడికించి గెలికాక అది సులువుగానే జీర్ణమవుతుంది. రాగుల విలువ వాటి కాల్షియంలోనూ పీచులోనూ ఉంది, అది వేరే లెక్క.

ఈ లెక్కను ఒక పూట భోజనంపై చూడవచ్చు. ముప్పై కిలోల బిడ్డకు రోజు మొత్తం ఇన్సులిన్ 24 యూనిట్లనుకుంటే, 500ను 24తో భాగించగా వచ్చే 21 గ్రాముల పిండిపదార్థానికి ఒక యూనిట్ చొప్పున కావాలన్నది ఆరంభపు అంచనా. 1,800ను అదే 24తో భాగిస్తే, త్వరగా పనిచేసే రకం ఒక యూనిట్ రక్తంలో చక్కెరను డెసిలీటరుకు సుమారు 75 మిల్లీగ్రాములు దించుతుందని తెలుస్తుంది. ఈ రెండు అంకెలూ వైద్యుడు పరీక్షలను చూసి సవరించవలసినవే. ముద్ద బరువు తూచి లాభం లేదు, అందులో ఎక్కువ భాగం నీళ్ళు. తూచవలసింది పొడి పిండిని. ఇంట్లో రోజూ పిండి కొలిచే గ్లాసు నిండా పోసి అంగడి తక్కెడలో ఒక్కసారి తూచి పెట్టుకుని, కుండలో పోసిన పిండిని ముద్దల సంఖ్యతో భాగిస్తే సరిపోతుంది. నూకలు కలిపి వండే ఇళ్ళలో ఆ నూకలను కూడా కలుపుకోవాలి. 75 గ్రాముల పిండితో చేసిన ముద్దలో 50 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, అంటే దాదాపు రెండున్నర యూనిట్లు. 120 గ్రాముల ముద్దకు దాదాపు నాలుగు. భోజనానికి ముందు చక్కెర కోరిన స్థాయి కంటే 75 ఎక్కువ ఉంటే మరో యూనిట్ చేరుతుంది. గీతకొక యూనిట్ ఉన్న సిరంజిలో అర యూనిట్ తీయడం కష్టం కాబట్టి, అలాంటి ఇళ్ళలో యూనిట్‌ను చీల్చడం కంటే ముద్దను యూనిట్‌కు తగ్గట్టు చేయడం తేలిక. సంక్రాంతి రోజుల్లో అనపకాయలు దిగినప్పుడు పితికిన పప్పు చారుతో తినే ముద్ద ఇంకో లెక్క. పప్పులోని పిండిపదార్థం నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి భోజనమైన రెండు గంటలకు తక్కువగా, నాలుగు గంటలకు ఎక్కువగా చూపే అవకాశం ఉంటుంది. ఇలాంటి సంగతులను ఏ పట్టికా ముందుగా చెప్పలేదు; ఒక నోటు పుస్తకంలో తిన్నదీ, వేసిందీ, చూసిందీ రాసుకున్న ఇల్లు రెండు సీజన్లలో సొంత పట్టిక తయారుచేసుకుంటుంది.

ఆ పుస్తకానికి ఆధారం వేలి కొస పరీక్షలు. పిల్లల మధుమేహంపై పనిచేసే అంతర్జాతీయ సంఘం రోజుకు ఆరు నుంచి పది పరీక్షలు కోరుతుంది. కూలి చేసుకునే ఇంట్లో అది జరిగే పని కాదు. సీసా ఇన్సులిన్ ప్రభుత్వ ఆసుపత్రిలో దొరికినా స్ట్రిప్పులు తరచు కొనుక్కోవలసినవే కావడం ఇంటి నిర్వహణకు అన్నిటికంటే పెద్ద అడ్డంకి, ఎందుకంటే కొలత లేకుండా మోతాదు మార్చే అధికారం ఉన్నా లేనట్టే. డబ్బు పరిమితమైనప్పుడు ఖరీదైన ఇన్సులిన్ కంటే ఎక్కువ స్ట్రిప్పులకు ఖర్చు పెట్టడమే మంచిది. రోజుకు రెండే పరీక్షలు సాధ్యమైతే వాటిని రోజూ ఒకే వేళకు చేయకుండా, ఒకరోజు పరగడుపున, రాత్రి పడుకునేముందు, మరునాడు మధ్యాహ్నానికి ముందూ తర్వాతా, ఇలా తిప్పుతూ చేస్తే వారానికి ఒక రూపం కనబడుతుంది. పట్టుపురుగుల మేతకు రాత్రి పొద్దుపోయాక లేచే ఇంటికి ఒక సౌలభ్యం ఉంది: ఎవరూ చేయని నడిరాత్రి పరీక్షను వాళ్ళు నిద్ర చెడకుండా చేయగలరు.

నడిరాత్రి పరీక్ష ఎందుకంటే చక్కెర పడిపోవడం నిద్రలో తెలియదు. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చెమట, వణుకు, విపరీతమైన ఆకలి. 54 కంటే తగ్గితే మాట తడబడి, ప్రవర్తన మారి, ఫిట్స్ దాకా పోవచ్చు. సాయంత్రం పొలంలోనో మైదానంలోనో బాగా ఒళ్ళలిసిన రోజు రాత్రికి ఈ ప్రమాదం ఎక్కువ. కిలో బరువుకు 0.3 గ్రాముల గ్లూకోజ్, అంటే ముప్పై కిలోల బిడ్డకు రెండు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడాలి. చాక్లెట్‌లో కొవ్వు ఉండి ఆలస్యం చేస్తుంది, సంగటి అంతకంటే ఆలస్యం. స్పృహ లేని బిడ్డ నోట్లో ఏదీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, రక్తంలో చక్కెరను పెంచే గ్లూకగాన్ సూది ఇంట్లో ఉంటే వేసి, 108కి ఫోన్ చేయాలి.

జ్వరం వచ్చిన రోజు నియమం ఒక్క వాక్యమే అయినా తరచు తలకిందులవుతుంది. బిడ్డ తినలేదు కాబట్టి సూది మానేయడం సహజంగా తోచే తర్కం. అయితే జ్వరం ఒత్తిడికి కాలేయం తనే చక్కెరను వదులుతుంది కాబట్టి నిలకడ ఇన్సులిన్‌ను ఎప్పుడూ ఆపకూడదు, చాలాసార్లు పెంచవలసి వస్తుంది. మూత్రంలో కీటోన్లు చూసే చవక స్ట్రిప్పులు ఇంట్లో ఉంచుకుని, చక్కెర 250 దాటి కీటోన్లు కూడా కనిపించినా, వాంతులు ఆగకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి బయలుదేరాలి.

ఇల్లు దాటాక మొదటి గడప బడి. కర్ణాటక ప్రభుత్వ పాఠశాలల్లో 2013 నుంచి క్షీరభాగ్య పథకం కింద పాలు ఇస్తున్నారు. 2024 ఫిబ్రవరి నుంచి ఇదే జిల్లాలోని ముద్దేనహళ్ళి కేంద్రంగా పనిచేసే సత్యసాయి అన్నపూర్ణ ట్రస్టు సహకారంతో వారంలో మూడు రోజులు రాగి మిశ్రమం కూడా అందులో చేరింది. మధ్యాహ్న భోజనంతో గుడ్డు, గుడ్డు తినని వారికి అరటిపండు. మంచి పథకాలే, కానీ టైప్ 1 ఉన్న బిడ్డకు పొద్దుటి పాలు సూది లేకుండా పడే పిండిపదార్థం. గుడ్డుకు ఇన్సులిన్ దాదాపు అక్కర్లేదు, అరటిపండుకు ఒక యూనిట్ పడుతుంది. బిడ్డకు పాలు మానిపించడం కంటే ఆ పాలను పొద్దుటి మోతాదులో కలుపుకోవడం సరైనది. అందుకు ఉపాధ్యాయులకు వారం పట్టిక తెలిసి ఉండాలి, తరగతిలో చక్కెర డబ్బా ఉండాలి. పరీక్షల్లో ఈ పిల్లలు తినుబండారాలు తెచ్చుకోవడానికి 2017లో సీబీఎస్ఈ అనుమతి ఇచ్చింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 స్థితుల్లో మాత్రం ఈ జబ్బు లేదు కాబట్టి హక్కుగా అడగడానికి ఆధారం పలుచన.

సాంకేతికత గురించి పొడుగ్గా చెప్పనక్కర్లేదు. చేతికి అంటించుకుని పద్నాలుగు రోజులు చక్కెరను చూపించే సెన్సర్లు, వాటితో మాట్లాడుకుంటూ తానే మోతాదు సవరించే పంపులు నిజంగానే జీవితాన్ని తేలిక చేస్తాయి. 2013 నుంచి అమెరికాలో కొందరు తల్లిదండ్రులూ రోగులూ కంపెనీల కోసం ఆగకుండా అలాంటి ఏర్పాటును సొంతంగా కట్టుకున్నారు కూడా. బెంగళూరు బయోకాన్ 2004లో మానవ ఇన్సులిన్‌ను, 2009లో నిలకడ ఇన్సులిన్ రకమైన గ్లార్జిన్‌ను మార్కెట్లోకి తెచ్చింది కాబట్టి ఈ ప్రాంతానికి మందు దూరపు సరుకు కాదు. దూరంగా ఉన్నది నేర్పే మనిషి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సీసా మీద ఇంగ్లీషు ఉన్న కుటుంబానికి మోతాదు లెక్కను బెంగళూరు ఆసుపత్రిలో పది నిమిషాల్లో వేరే భాషలో చెబితే అది చీటీగానే మిగులుతుంది. తాలూకా ఆసుపత్రి నర్సుల్లో ఒకరికైనా ఈ లెక్క వచ్చి, అవ్వకు అర్థమయ్యే తెలుగులో ముద్దలతోనే చూపించగలిగితే, నెలకొక ఫోనుతో చాలావరకు నడిచిపోతుంది.

ఆడపిల్లల విషయంలో ఇంకో మలుపు పదహారు పదిహేడేళ్ళ దగ్గర వస్తుంది. అప్పటిదాకా తల్లి చేతిలో ఉన్న మోతాదు బిడ్డ చేతికి మారవలసిన సమయంలోనే, సంబంధాలు చెడతాయని సూదిని దాచడం మొదలవుతుంది; దాచినప్పుడు మొదట మానేది మధ్యాహ్నపు మోతాదు, తర్వాత పరీక్షలు. యుక్తవయసు హార్మోన్ల వల్ల అదే వయసులో ఇన్సులిన్ అవసరం పెరుగుతుంది కూడా. కళ్ళు, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించడం మొదలుపెట్టవలసిందీ పదకొండేళ్ళ నుంచి ఈ మధ్యకాలంలోనే, గర్భం దాల్చకముందే హెచ్‌బీఏ1సీ అనే మూడు నెలల సగటును అదుపులోకి తెచ్చుకోవలసిందీ ఇక్కడినుంచే. పెళ్ళయి వేరే ఊరికి వెళ్ళే పిల్ల వెంట నోటు పుస్తకమూ, తూచి పెట్టుకున్న పిండి గ్లాసూ వెళ్ళాలంటే, అత్తింటివారికి ఈ సంగతి నిశ్చితార్థానికి ముందే తెలిసి ఉండాలి.